దీపం వెలుగుతుంది, ఇంజిన్ కదలదు

పోయిన నవంబరులో ఒక సాయంత్రం కింది వాటాలో ఉండే పెద్దావిడ మా తలుపు తట్టారు. "మీరు కంప్యూటర్ల పని చేస్తారు కదా, ఒక రైలింజిన్ చూసిపెడతారా?" అన్నారు.

నేనుండేది దక్షిణ జర్మనీలో, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఉల్మ్‌లో. సాఫ్ట్‌వేర్ వాడంటే వైఫై రూటర్ దగ్గర్నుంచి వాషింగ్ మెషీన్ దాకా అన్నీ బాగుచేస్తాడని మన దగ్గర ఎంత నమ్మకమో ఇక్కడా అంతే. రైలింజిన్ మాత్రం నాకూ కొత్తే.

సెల్లార్‌లోకి తీసుకెళ్లి లైటు వేశారు. నాలుగు మీటర్ల బల్ల మీద ఏకంగా ఒక ఊరు! స్టేషను, గుట్ట, సొరంగం, చర్చి, మేస్తున్న ఆవులు, రైల్వే గేటు దగ్గర ఆగిన సైకిలు. అన్నీ అసలు సైజులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చవేస్తే యూరప్ రైళ్ల స్టాండర్డ్ గేజ్, అంటే 1435 మిల్లీమీటర్లు వస్తుంది. (మన బ్రాడ్ గేజ్ 1676. ఇదే లెక్కన మన బండికి పట్టాలు 19 మిల్లీమీటర్లు దాటాలి.)

అదంతా ఆమె భర్త పాతికేళ్లుగా కట్టుకుంటూ వచ్చిన లోకం. ఆయన మార్చిలో పోయారు. అప్పటినుంచి అక్కడ స్విచ్ వేసినవాళ్లు లేరు. క్రిస్మస్‌కి ఏడేళ్ల మనవడు వస్తున్నాడు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒక్కటే, తాతయ్య ఎర్రింజిన్లు తిరుగుతున్నాయా అని.

"దీపం వెలుగుతోంది. ఇంజిన్ కదలట్లేదు," అన్నారామె.

రోగమేంటో ఆ మాటలోనే ఉంది. అది నాకు అర్థమవడానికి రెండు వారాలు పట్టింది. ఈలోగా చేయకూడని పని ఒకటి చేసేశాను.

పట్టాల మీద మాటలు

పాతకాలం బొమ్మ రైళ్లలో పట్టాలకి ఎంత వోల్టేజీ ఇస్తే బండి అంత వేగంగా పోతుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి, కలిసే ఆగుతాయి. ఒకదాన్ని స్టేషన్లో నిలిపి ఇంకొకదాన్ని నడపాలంటే పట్టాల్ని ముక్కలు చేసి ముక్కకో స్విచ్ పెట్టాల్సిందే. దీనికి విరుగుడుగా వచ్చిందే డిజిటల్ కమాండ్ కంట్రోల్, పొట్టిగా డీసీసీ. జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకుని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దీన్ని అందరికీ ఒకే ప్రమాణంగా తెచ్చింది. దాంతో ఒక కంపెనీ ఇంజిన్ ఇంకో కంపెనీ కంట్రోలర్ మాట వినడం మొదలుపెట్టింది.

ఇందులో పట్టాలకి కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఇంచుమించు 15 వోల్టులు. కాకపోతే దాని దిశ సెకనుకి కొన్ని వేలసార్లు అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఒక్కో వైపు 58 మైక్రోసెకన్లు ఉంటే అది ‘ఒకటి’. 100 మైక్రోసెకన్లు, అంతకు మించి ఉంటే ‘సున్నా’. ఈ ఒకట్లూ సున్నాలూ పేర్చి కమాండ్ స్టేషన్ చిన్న చిన్న సందేశాలు పంపుతుంది: ఫలానా నంబరు ఇంజిన్, ఫలానా వైపు, ఇంత వేగం. సందేశం దారిలో చెడిపోలేదని సరిచూసుకోవడానికి చివర్లో ఒక బైటు.

ప్రతి ఇంజిన్ కడుపులోనూ తపాలా బిళ్లంత బోర్డు ఉంటుంది. అదే డీకోడర్. పట్టాల మీద పోయే ప్రతి సందేశాన్నీ అది వింటుంది గానీ తన నంబరుకొచ్చినదాన్నే పట్టించుకుంటుంది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద మైకులో చెప్పేది అందరి చెవుల్లోనూ పడుతుంది, లేచి సామాను సర్దుకునేది ఆ బండి వాళ్లే కదా!

డీకోడర్‌కి జ్ఞాపకశక్తి కూడా ఉంది. కాన్ఫిగరేషన్ వేరియబుల్స్ అంటారు, వాడుకలో సీవీలు. నంబర్లు వేసిన అరలనుకోండి. ఒక్కో అరలో 0 నుంచి 255 లోపు ఏదో ఒక అంకె ఉంటుంది. సీవీ 1లో ఇంజిన్ నంబరు ఉంటుంది. కొత్తగా కొన్నదానికి అది 3. సీవీ 2 బయల్దేరడానికి ఇవ్వాల్సిన వోల్టేజీ. సీవీ 3 ఎంత నిదానంగా వేగం పుంజుకోవాలో, సీవీ 4 ఎంత నిదానంగా ఆగాలో చెబుతాయి. ఇంజిన్‌ని ఏళ్ల తరబడి పెట్టెలో పడేసినా ఆ అంకెలు చెరగవు. ఇది గుర్తుంచుకోండి, కథంతా దీని మీదే ఉంది.

నా సొంత వైద్యం

ఎర్రింజిన్లు రెండూ 218 క్లాసు డీజిళ్ల నమూనాలు. అడుగున తెల్ల స్టిక్కర్ల మీద 41, 42 అని రాసి ఉంది. పెద్దాయనకి నోటుపుస్తకం అలవాటు లేదట. ఆ స్టిక్కర్లే మాకున్న రికార్డు.

ముందు 41 తీశాను. కంట్రోలర్‌లో 41 కొట్టి లైటు బటన్ నొక్కితే దీపం వెలిగింది. నాబ్ ఎంత తిప్పినా ఉలకదు పలకదు. డీకోడర్ పోయిందనుకునే ఇంజిన్లలో చాలావాటికి నిజానికి మందు గుడ్డముక్కే. చక్రాలకి మురికి పట్టి కరెంటు అందదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చక్రాలు తుడిచాను, పట్టాలు తుడిచాను. లాభం లేదు. అసలు మురికి వల్లయితే దీపం కూడా మినుకుమినుకుమనాలి. ఇది నిలకడగా వెలుగుతోంది. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది.

పైడొప్ప ఊడదీసి, ఎనిమిది పిన్నుల సాకెట్ నుంచి డీకోడర్ పీకేసి, దాని చోట మోటారుని నేరుగా పట్టాలకి కలిపే ఉత్త ప్లగ్ పెట్టి, పట్టాలకి 9 వోల్టుల బ్యాటరీ తగిలించాను. మోటారు బుర్రుమని తిరిగింది. డీకోడర్‌ని తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి తిరగేసి పెట్టి, ఉన్న దీపం కూడా పోగొట్టుకున్నాను. తిరగేసి పెట్టినా ఏదీ కాలిపోకుండా ఆ పిన్నుల వరస నిర్ణయించిన మహానుభావులకి దండం.

మోటారు బాగుంది. దీపం బాగుంది. కాబట్టి డీకోడర్‌లో మోటారుని నడిపే భాగం కాలిపోయిందని తీర్పు ఇచ్చేశాను. కొత్తది కొనే ముందు ఆఖరి ప్రయత్నంగా మా వృత్తిలో అందరికీ తెలిసిన మంత్రం వేశాను: రీసెట్. చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 అని రాస్తే చాలు, ఫ్యాక్టరీలో ఉన్నప్పటి స్థితికి వెళ్లిపోతుంది. రాశాను. ఇంజిన్ నంబరు మళ్లీ 3 అయింది. 3ని పిలిచి నాబ్ తిప్పాను.

కదిలింది!

కేకేసి పెద్దావిడని పిలిచాను. ఆమె మెట్లు దిగుతూ కిందినుంచి మూడో మెట్టు మీదే ఆగి చూశారు. ఇంజిన్ ఒక్క ఉదుటున ముందుకి దూకింది, బల్లంతా గిర్రున తిరిగింది, నాబ్ సున్నా చేయగానే గోడకి కొట్టుకున్నట్టు ఆగింది.

"తిరుగుతోంది," అన్నాను గర్వంగా.

"తిరుగుతోంది," అన్నారు ఆమె కూడా. కాసేపాగి, "కానీ ఇది ఆయన ఇంజిన్‌లా లేదు. ఆయనది ఎప్పుడు బయల్దేరిందో తెలిసేది కాదు. మాట్లాడుతూ ఇటు తిరిగి చూసేసరికి స్టేషన్ దాటిపోయుండేది," అన్నారు.

నేనేం చేశానో అప్పుడు తెలిసొచ్చింది. ఆ ఇంజిన్‌ని అలా నడిపించిన అంకెలన్నీ ఆయన ఒక్కొక్కటీ తన చేత్తో పెట్టుకున్నవి. ఎన్ని రాత్రులు పట్టిందో! వాటిని చదవకుండా, ఎక్కడా రాసుకోకుండా ఒక్క నొక్కుతో తుడిచేశాను. బ్యాకప్ తీసుకోకుండా ప్రొడక్షన్ డేటాబేస్ చెరిపేసిన జూనియర్‌ని మా టీమ్‌లో ఏమంటామో ఇక్కడ రాస్తే బాగోదు.

దాచకుండా ఆమెకి చెప్పేశాను. సీవీలూ గీవీలూ ఆమెకి పట్టలేదు. "అంటే, ఫొటో చెరిగిపోయినట్టా?" అని అడిగారు. "అలాంటిదే" అన్నాను. ఆమె ఏమీ అనలేదు, మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోయారు. పైన కాఫీ మెషీన్ శబ్దం వినిపించింది. ఇంజిన్‌కి మళ్లీ డొప్ప బిగించి నేనూ బయటపడ్డాను.

"లాగ్ బుక్ చూసినవా?"

నాలుగు రోజులు ఆ సెల్లార్ వైపు వెళ్లలేదు. ఐదోరోజు 42ని పట్టాల మీద పెట్టాను. అదే రోగం. దీపం వెలుగుతుంది, ఇంజిన్ కదలదు. రెండు వేర్వేరు డీకోడర్లలో అదే భాగం అదేలా కాలిపోతుందా? నా తీర్పు తప్పని అప్పుడనిపించింది. ఈసారి ఏదీ ముట్టుకోలేదు.

ఆదివారం నాన్నతో వీడియో కాల్‌లో ఈ సంగతి చెప్పాను. నాన్న రిటైర్డ్ లోకో పైలట్. కాజీపేటలో డబ్ల్యూడీఎం-2 డీజిళ్లను జంటగా కట్టి గూడ్సు బళ్లు నడిపిన మనిషి. బొమ్మ రైలు గోల మనకెందుకురా అంటాడనుకున్నా. అంతా విని, సూటిగా ఒక్కటే అడిగాడు.

"లాగ్ బుక్ చూసినవా?"

"బొమ్మ రైలుకి లాగ్ బుక్ ఏంటి నాన్నా?"

"ముందటి డ్రైవర్ ఏం రాసిండో చూడకుండ ఇంజిన్ మీద చెయ్యేస్తరార ఎవరన్న?" నాకు చురుక్కుమంది. ఇంకో నిమిషానికి, "అవి రెండు ఎట్ల నడిచేటియి? జంటల ఏమన్న నడిచినయా?" అన్నాడు.

సెల్లార్ గోడ మీద ఒక ఫొటో ఉంది, అప్పటిదాకా సరిగ్గా చూడలేదు. పెద్దాయన బల్ల పక్కన నవ్వుతూ నిలబడ్డారు. ఆయన ముందు రెండు ఎర్ర 218లు ఒకదానికొకటి వీపు ఆనించి కట్టి ఉన్నాయి, వెనక ఎనిమిది బోగీలు. మ్యూనిక్ నుంచి ఆల్గాయ్ కొండల మీదుగా లిండావు వైపు పోయే లైను 2020 చివర్లో విద్యుదీకరణ అయ్యేదాకా జ్యూరిక్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లను అలా జంట 218లే లాగేవి. ఆయన కట్టుకున్నది ఆ బండినే.

ఫోన్ తిప్పి ఫొటో చూపించాను. నాన్న ముందు "డీజిల్ హైడ్రాలిక్ బండ్లురా అవి, మన అల్కో లెక్క ట్రాక్షన్ మోటార్లు ఉండయి" అని తనకి తెలిసింది చెప్పేసి, అసలు విషయానికొచ్చాడు. "జంటల కట్టినంక యెనకటి ఇంజిన్ల హ్యాండిల్ తీసేస్తం. దాండ్ల కూసోని ఎంత గుంజినా కదలదు. అది ముందటి బండి మాటే ఇంటది. నీ బొమ్మగూడ ఇంకెవని మాటనో ఇంటుందేమో, చూడు."

డీసీసీలో దానికో అర ఉంది. సీవీ 19.

ఆ అరని చదవాలంటే ఇంజిన్‌ని ప్రోగ్రామింగ్ ట్రాక్ అనే విడి పట్టా ముక్క మీద పెట్టాలి. ఆ చదివే తీరు నాకు భలే నచ్చింది. డీకోడర్ అక్కడ అంకెని పలకలేదు. దానికి తెలిసిన జవాబు ‘అవును’ ఒక్కటే. "నీ మొదటి బిట్ ఒకటేనా? రెండోది ఒకటేనా?" అని స్టేషన్ అడుగుతూ పోతుంది. అవునైతే డీకోడర్ 6 మిల్లీసెకన్ల పాటు మోటారుకి కరెంటు ఇస్తుంది. కనీసం 60 మిల్లీఆంప్స్ అదనంగా లాగగానే స్టేషన్‌కి అర్థమవుతుంది. కాదైతే మౌనమే. పక్కనుంచి చూస్తే, ప్రశ్న పడినప్పుడల్లా ఇంజిన్ చలికి వణికినట్టు సన్నగా ఉలిక్కిపడుతుంది.

42 నాలుగైదుసార్లు ఉలిక్కిపడింది. తెర మీద అంకె వచ్చింది: 135.

135 అంటే 128, ఇంకో 7. సీవీ 19లో సున్నా తప్ప ఏదున్నా, "ఇప్పుడు నువ్వు జట్టులో ఉన్నావు, నీ సొంత నంబరుకి కదలకు, జట్టు నంబరుకే కదులు" అని అర్థం. ఇక్కడ జట్టు నంబరు 7. కలిపిన 128కి అర్థం, "నువ్వు వెనక్కి తిరిగి ఉన్నావు, కాబట్టి జట్టు ముందుకంటే నువ్వు వెనక్కి నడువు." మరి దీపం 42 మాట ఎందుకు వింది? జట్టులో దీపాలూ ఇతర హంగులూ ఎవరి మాట వినాలో సీవీ 21, 22 చెబుతాయి. పెద్దాయన వాటిని సున్నాగా ఉంచారు. వేగం జట్టుది, దీపం ఎవరిది వారిదే. రెండు ఇంజిన్ల మధ్యలో దీపాలు వెలగకుండా, ముందున్నదానికి మాత్రమే వేసుకోవడానికి.

కంట్రోలర్‌లో 7 కొట్టి నాబ్ ఒక గీత తిప్పాను. ఏమీ అవలేదనిపించింది. వంగి చూస్తే చక్రం కదులుతోంది.

దాని డీకోడర్ పాడవలేదు. ఎవరూ వెనక్కి తీసుకోని ఒక ఆజ్ఞని మార్చి నెల నుంచీ పాటిస్తోంది, అంతే. 41 కూడా అలాగే ఉండి ఉంటుంది, నేను రీసెట్ చేసేదాకా.

రెండిటికీ ఒకే నడక

ఈసారి ముందు 42 జాతకమంతా రాసుకున్నాను. జేఎంఆర్ఐ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులోని డీకోడర్‌ప్రోతో ల్యాప్‌టాప్‌ని స్టేషన్‌కి కలిపి, ఉన్న అరలన్నీ చదివించి ఫైలుగా దాచాను. చాలాసేపే పట్టింది. ఇంజిన్ ఉలిక్కిపడుతూనే ఉంది, నేను టీ తాగుతూ కూర్చున్నాను.

తర్వాత ఆ అంకెలు చూస్తుంటే ఆ పెద్దాయన నాకు కొంచెం కొంచెంగా పరిచయమయ్యారు. సీవీ 3లో 24. దాన్ని 0.896తో హెచ్చవేస్తే నిలబడ్డ చోటునుంచి పూర్తి వేగానికి పట్టే సెకన్లు వస్తాయి, ఇరవై ఒకటిన్నర. సీవీ 29లో 18, అంటే 2, ఇంకో 16. ఆ 2 వల్ల ఇంజిన్ 28 మెట్ల వేగానికి స్పందిస్తుంది. ఆ 16 వల్ల ఫ్యాక్టరీ గీసిన వేగం గీతని కాదని, సీవీ 67 నుంచి 94 దాకా ఉన్న 28 అరల్లో యజమాని రాసుకున్న పట్టికని పాటిస్తుంది. ఆ పట్టికలో మొదటి అంకెలు చీమ నడకకి తగ్గట్టున్నాయి, పై అంకెలు మాత్రం సగం దగ్గరే ఆగిపోయాయి. పూర్తి వేగం ఎందుకు వాడుకోలేదా అని ఆలోచించాను. అసలు 218 గరిష్ఠ వేగం గంటకి 140 కిలోమీటర్లు. 87తో భాగిస్తే సెకనుకి 45 సెంటీమీటర్లు. టేపు పరిచి, స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను. నాబ్ చివరిదాకా తిప్పితే 42 పోయే వేగం దాదాపు అంతే. బొమ్మ కూడా అసలుదాన్ని మించి పరుగెత్తడం ఆయనకి ఇష్టం లేదు!

ఆ ఫైలునే నంబరు మార్చి 41లోకి ఎక్కించాను. సీవీ 19లో 7 రాశాను. పనైపోయిందనుకున్నా గానీ ఏ రెండు మోటార్లూ ఒకేలా తిరగవు. ఒకదానిలో గేరు బిగువు, ఇంకొకదానిలో వదులు. ఇలాగే జంట కడితే ఒకటి లాగుతుంటే ఇంకొకటి పట్టుకుని ఆపుతుంది, మలుపులో బోగీలు దిగిపోతాయి. పెద్దాయన రెండిటికీ విడివిడిగా పట్టికలు రాసి ఉంటారు. 41ది నేను చెరిపేశాను. మిగిలిన దారి, బతికున్న 42ని చూసి 41కి నడక నేర్పడమే.

రెండిటినీ కట్టకుండా, ఒకే వలయంలో సగం చుట్టు ఎడంగా పెట్టి, 7ని నడిపి, వాటి మధ్య దూరం చూస్తూ కూర్చోవాలి. మొదటిరోజు తొమ్మిదో చుట్టులో 41 వెళ్లి 42 వీపుకి ఆనింది. అంటే 41 వేగం ఎక్కువ. పట్టిక జోలికి పోకుండా మొత్తం మీద కొంచెం తగ్గించడానికి సీవీ 66 ఉంది. అందులో ఏ అంకె రాస్తే దాన్ని 128తో భాగించి వేగాన్ని హెచ్చవేస్తుంది. 126 పెట్టాను, 124 పెట్టాను. ఇంజిన్ తిరుగుతుండగానే మెయిన్ పట్టాల మీదే ఈ మార్పు చేయొచ్చు, ఆపక్కర్లేదు. 121 దగ్గర ముప్ఫై చుట్లు తిరిగినా ఎడం మారలేదు. నిదాన వేగంలో మాత్రం తేడా ఉండిపోయింది, దానికి పట్టికలో మొదటి నాలుగు అరలు సవరించాను. సీవీ 66 ముందు నడకకే పనిచేస్తుంది. వెనక నడకకి సీవీ 95, మళ్లీ మొదటినుంచీ. మూడు సాయంత్రాలు పట్టింది. ఆఫీసులో ఇంత ఓపిగ్గా ఏ బగ్‌నీ చూడలేదు.

బీరువాలో ఇంకా పదకొండు ఇంజిన్లున్నాయి. వాటిని ముందు చదివి, ఫైలు దాచాకే ముట్టుకుంటున్నాను. ఒక ఆవిరింజిన్‌కి వేగం ఒక్కో మెట్టు పెంచుతుంటే దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి. స్టేషన్ 28 మెట్ల భాషలో చెబుతుంటే అది 14 మెట్ల భాషలో వింటోంది. సీవీ 29లో ఒక బిట్ పని. ఇంకొకటి షార్ట్ అయి కరెంటు తిరిగి రాగానే ఎవరూ పిలవకుండానే పరుగు లంకించుకుంది. పాతకాలం కరెంటు మీద కూడా నడవొచ్చని దానికి అనుమతి ఉంది, సీవీ 29లో 6ని 2 చేసి తీసేశాను. మూడోది అసలు చదవనే లేదు. విప్పితే మోటారు వైరు ఊడి ఉంది. ‘అవును’ అనడానికి దానికి నోరే లేదు పాపం.

క్రిస్మస్‌కి ముందురోజు రాత్రి 41, 42లను వీపు వీపు ఆనించి కట్టి, ఎనిమిది బోగీలు తగిలించి పెద్దావిడని పిలిచాను. వచ్చి మూడో మెట్టు మీద నిలబడ్డారు. 7ని నడిపాను. బండి స్టేషన్ దాటింది, సొరంగంలో దూరింది, చర్చి పక్కనుంచి వచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"దగ్గరికొచ్చింది. బయల్దేరేటప్పుడు ఇంకాస్త నిదానం."

సీవీ 3ని రెండిటిలోనూ 24 నుంచి 28 చేశాను. బండి మళ్లీ స్టేషన్లో ఆగి, మళ్లీ బయల్దేరింది. ఆమె మిగిలిన రెండు మెట్లూ దిగివచ్చి, గోడ దగ్గరికెళ్లి సెల్లార్ పెద్ద లైటు ఆర్పేశారు. స్టేషన్ దీపాలూ బోగీ కిటికీల్లో వెలుగూ మిగిలాయి.

"ఆయన ఇలా నడిపేవారు," అన్నారు.